కళ్ళం ఊడ్చిన గింజ

మా అత్త గాలిలో పత్తి తీసిన రోజు గురించి మా వీధిలో ఇప్పటికీ మూడు నాలుగు కథలున్నాయి. నేను చెప్పేది వాటిలో ఇంకొకటి కాదు. ఇది జరిగింది. జరిగినదాన్ని, అనుకున్నదాన్ని వేరుచేసి గట్టిగా చెప్పడం ఆ రోజు నాకు చేతకాలేదు. అందువల్ల ఒక మనిషి పోయాడు. కాబట్టి ఈసారి ముందే చెప్పేస్తున్నాను.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మాది సత్తెనపల్లి నుంచి ఆటోలో అరగంట ప్రయాణం ఉన్న పల్లె. నా తొమ్మిదో ఏట అమ్మ పోయింది. నాన్న చెల్లెలు, అంటే మా మేనత్త, అప్పటికే భర్త పోయి మా ఇంట్లోనే ఉండేది. ఆవిడే నన్ను పెంచింది. చలికాలమంతా పత్తి తీసి, ఎండాకాలమంతా మిరపకాయలు కోసి, తొడిమలు తీసి నన్ను బీఈడీ దాకా లాక్కొచ్చింది. నాన్న కూడా పోయాక ఇంట్లో మేమిద్దరమే. నాకు ఉద్యోగం వచ్చింది, ఇక కూలికి వెళ్ళకు అత్తా అంటే, "కూర్చుంటే కాళ్ళు పడిపోతాయే" అని పొద్దున్నే తలకి గుడ్డ చుట్టుకుని బయల్దేరేది. ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళెవరూ మా వీధిలో లేరు.

మా వైపు మిరప కళ్ళాల్లో ఒక పద్ధతి ఉంది. కాయలన్నీ ఎండి, బస్తాలకెత్తి, కింద పరిచిన పట్టా తీసేశాక నేలమీద గింజలు రాలి ఉంటాయి. ఆ గింజలు కళ్ళం ఊడ్చిన ఆడవాళ్ళవి. రైతు అడగడు, ఇంకొకరు ముట్టుకోరు. వాటిని ఇంటికి తెచ్చి, చెరిగి, వేయించి, వెల్లుల్లి, ఉప్పు, చింతపండు వేసి దంచితే గింజ కారం. మొదటిసారి దంచినప్పుడు పక్కింటికి ఒక గిన్నె పంపడం కూడా పద్ధతే. ఆ ఏడు మా అత్త అలాగే దంచింది. మా డబ్బా నిండా పెట్టి, పక్కింటి పిన్నికి ఒక గిన్నె ఇచ్చింది. అప్పుడు ఈస్టరుకి ముందొచ్చే శ్రమల దినాలు. ఆ నలభై రోజులు పచ్చళ్ళు, కారాలు ముట్టనని నేను మొక్కుకున్నాను. ఆ డబ్బా మూత నేను తియ్యకపోవడానికి కారణం అంతే, నా తెలివి కాదు.

ఆ రోజుల్లో నాకు ఒక జబ్బు ఉండేది. ఎవరేం చెప్పినా, "మీ అభిప్రాయం మీది, దాన్నీ గౌరవించాలి" అనేదాన్ని. క్లాసులో చర్చ పెట్టి బోర్డుమీద రాసేదాన్ని: ఎవరి అభిప్రాయం వారిది. శనివారం ప్రార్థన తర్వాత ఆడవాళ్ళ కూటంలోనూ అదే పాట. చదువుకున్నదయ్యుండి కూడా ఎవరినీ చిన్నబుచ్చదు అని అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఆ మెప్పు నాకు బాగానే రుచించింది, అబద్ధమెందుకు.

ఒంటిపూట బడులు మొదలైన వారం అది. ఒంటిగంటకి ఇంటికొచ్చాను. వీధిలో పిట్ట లేదు. కళ్ళాలనుంచి వచ్చే మిరప ఘాటు మాత్రం ఎండలో నిలబడిపోయి ఉంది. గేటు తీస్తుంటే దొడ్లోంచి అత్త గొంతు వినపడింది, ఎవరితోనో మామూలుగా మాట్లాడుతోంది. చుట్టాలొచ్చారేమో అనుకుని వెళ్ళాను.

దొడ్లో ఆవిడ ఒక్కతే ఉంది. చీర కుచ్చెళ్ళు ఎగదోపి, నడుముకి ఒడి కట్టుకుంది. కొంచెం ముందుకు వంగి రెండు చేతులతో పత్తి తీస్తోంది. అక్కడ మొక్క లేదు, కాయ లేదు, ఊడ్చిన మట్టినేల తప్ప ఏమీ లేదు. కానీ వేళ్ళు సరిగ్గా కాయ ఎత్తుకి వెళ్తున్నాయి, పీకుతున్నాయి, ఒడిలో వేస్తున్నాయి. ఒక అడుగు వేసి, మళ్ళీ పీకుతోంది. గోడ దాకా వెళ్ళి, ఆగి, సాలు మారి వెనక్కి వచ్చింది. సాలు దాటేటప్పుడు కాలు ఎత్తి వేసింది, కింద కొమ్మ ఉన్నట్టు.

"అత్తా" అన్నాను. తలెత్తి చూసింది. ఆ కళ్ళని నేను మర్చిపోలేను. కంటిపాప గుడ్డునిండా పరుచుకుని ఉంది. అంత ఎండలో అంత నలుపు ఎలా ఉంటుందని నా బుర్రలో ఎక్కడో ఒక మూల అడిగింది. నేనా ప్రశ్నని పట్టుకోలేదు.

ఎందుకంటే అత్త అప్పటికే నన్ను దాటి నా పక్కకి చూస్తోంది. నా ఎడమవైపు, ఖాళీగా ఉన్న చోటుకి. "వచ్చావా వదినా" అంది. "ఇంత పొద్దెక్కాకనా? ఆ సాలు నువ్వు పట్టు."

ఆవిడ వదినా అని పిలిచిన మనిషి ఈ లోకంలో ఒక్కతే. మా అమ్మ.

 అత్త జరిగి పక్కన చోటిచ్చింది. ఇద్దరూ కలిసి పోతున్నట్టు సాలు వెంట నడిచింది. మధ్యలో ఆగి, వింటున్నట్టు తల వంచి, నవ్వి అంది: "ఎడమచేత్తో లాగితే కొమ్మ విరుగుతుంది, ఎన్నిసార్లు చెప్పాను నీకు?" అమ్మది ఎడమచేతివాటం. ఆ సంగతి నేనే ముప్పై ఏళ్ళుగా గుర్తుచేసుకోలేదు. తర్వాత అత్త నా వైపు గడ్డం చూపించి, "అవును వదినా, చిక్కిపోయింది. తిండి తినదు, చెప్తే వినదు" అంది.

నేను అక్కడే మెట్టుమీద కూర్చుండిపోయాను. పదో తరగతికి నాడీమండలం పాఠం చెప్పే మనిషిని, కూర్చుని ఇంకేం చెబుతుందా అని విన్నాను. ఎంతసేపు విన్నానో తెలీదు. భయం వేసింది గానీ, ఆగిపోతుందేమోనన్న భయమే ఎక్కువ.

మొదట పక్కింటి పిన్ని వచ్చింది. గోడమీంచి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "గాలి సోకింది టీచరమ్మా. ఆ కొత్త కళ్ళం పక్క చేలోనే కదా, పోయినేడు మందు కొడుతూ ఒకడు పడి చచ్చిపోయాడు. ఒంటరిగా కనపడిందని పట్టుకున్నాడు." ఆమె వెనకే సంఘపెద్ద వచ్చాడు. అది అపవాది పనని, ప్రార్థన తప్ప మందు లేదని అన్నాడు. ఊరి డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, ఒళ్ళు కాలిపోతోంది, వడదెబ్బ, సెలైను పెడదామన్నాడు. ఒక కుర్రాడు ఫోన్లో వచ్చిన వీడియో చూపించాడు. పుచ్చకాయలకి ఏదో ఇంజక్షన్ చేస్తున్నారంట, తిన్నవాళ్ళు ఇలాగే అయిపోతున్నారంట. మా ఇంట్లో పుచ్చకాయ కొని నెలయింది. ఆ మాట కూడా నేను అనలేదు.

నేనేం చేశానంటే, కుర్చీలు వేశాను. మజ్జిగ ఇచ్చాను. "అందరి మాటలోనూ ఎంతో కొంత ఉంటుంది. ఒక్కొక్కటీ చూద్దాం" అన్నాను. అంత మర్యాదగా అన్నానని తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. పిన్ని మాట ప్రకారం వేపమండలు తెచ్చారు. సంఘపెద్ద మాట ప్రకారం అందరం మోకరించాం. డాక్టరు మాట ప్రకారం సూది గుచ్చబోతే అత్త చెయ్యి విదిలించి, ఒడిలో పత్తి కింద పడిందని తిట్టింది. అందరి మాటా నిలబెట్టేసరికి మూడున్నరయింది. ఇన్ని మాటల్లో పొద్దున ఆవిడ ఏం తిన్నదన్న ప్రశ్న మాత్రం లేదు. కళ్ళు అలా ఎందుకున్నాయని ఎవరూ దగ్గరికొచ్చి చూడలేదు. నాకు మాత్రం ఇంకో అభిప్రాయం ఉంది, పైకి చెప్పనిది: అక్కడ మా అమ్మ ఉందని.

అత్తకి దాహం వేసింది. నీళ్ళు అందిస్తే మింగలేకపోయింది. నాలుక చెక్కలా ఎండిపోయి ఉంది. రెండడుగులు వేసి, గోడని సాలు అనుకుందో ఏమో, ఆగకుండా నడిచి గుద్దుకుని పడిపోయింది. వీధిలో ఆటో నడిపే అతను అరుపులు విని వచ్చాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. "ముందు ఎక్కించండి" అని భుజాలు పట్టుకున్నాడు. సంఘపెద్ద కాళ్ళు పట్టుకున్నాడు. దారంతా అత్త నా ఒళ్ళో పడుకుని నా చీరమీదనుంచి దూది ఏరుతూనే ఉంది.

సత్తెనపల్లి ఆసుపత్రిలో డాక్టరు చిన్నపిల్ల, నా పాత విద్యార్థుల ఈడు. కంట్లో టార్చి వేసింది. కంటిపాప ముడుచుకోలేదు. చంకలో చెయ్యి పెట్టి చూసింది. "ఇంత వేడిలో చెమటే లేదు" అని నా వైపు తిరిగింది.

"పొద్దున ఏం తిన్నారు?"

పళ్ళెం గుర్తొచ్చింది. దొడ్లో బావి గట్టుమీద, అంచున ఎర్రగా మరకతో. "గింజ కారం, అన్నం అండీ. మిరప గింజలది. కళ్ళం ఊడ్చినవి."

"కళ్ళం చుట్టూ ఉమ్మెత్త చెట్లేమన్నా ఉన్నాయా?"

 ఉమ్మెత్త నేను పాఠంలో చెప్పే మొక్క. ప్రశ్న కూడా ఇస్తాను, రెండు మార్కులకి.

"నాదీ అనుమానమేనండీ, ఇంకా ఖాయం కాదు" అంది ఆ అమ్మాయి. "వైద్యం మొదలుపెడతాను. మీరు వెళ్ళి మిగిలిన గింజలు పట్టుకురండి, చూస్తే తేలిపోతుంది. ఇంకెవరి దగ్గరన్నా ఆ కారం ఉంటే ముందు తీసేసుకోండి." తన మాటని కూడా చూసేదాకా నమ్మనన్న మనిషిని ఆ రోజు మొత్తంలో నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

సంఘపెద్దని అత్త దగ్గర కూర్చోబెట్టి అదే ఆటోలో వెనక్కి వచ్చాను. కళ్ళం రోడ్డు పక్కనే. దిగి చూశాను. ఆ ఏడు రైతు కొత్తచోట కళ్ళం వేశాడు, కాలవ గట్టు వార. గట్టు పొడుగునా ఉమ్మెత్త, తెల్లటి పూలతో. కళ్ళానికి చోటు కోసం కొన్ని మొక్కలు కొట్టి అక్కడే పడేశారు. ముళ్ళకాయలు ఎండకి పగిలి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. గింజలు లోపల లేవు.

ఇంట్లో చేటలో అత్త వేయించకుండా మిగిల్చిన గింజలున్నాయి. బడి సంచిలోంచి భూతద్దం తీశాను. మిరప గింజ పల్చగా, గుండ్రంగా, పాలిపోయిన పసుపు. దాని పక్కన ఇంకో రకం. కొంచెం మందం, గోధుమరంగు, చిన్న చెవి ఆకారం. వంగి చూస్తే చాలు, ఎవరికైనా తెలుస్తుంది. అత్తకి చత్వారం. నేను వంగలేదు.

చేట పట్టుకుని పక్కింటికి వెళ్ళాను. ఎండ ఇంకా ఉంది. పిన్ని భర్త, మా బాబాయ్, అరుగుమీద టీ తాగుతున్నాడు. గుంటూరు మిర్చియార్డులో ముప్పై ఏళ్ళు గోతాలు కుట్టి, గుండెజబ్బు వచ్చి ఇంటికి చేరిన మనిషి. పిన్ని గుమ్మంలో నిలబడింది.

"పిన్నీ, అత్త ఇచ్చిన గింజ కారం ఇచ్చెయ్. అందులో ఉమ్మెత్త కలిసింది. చూడు, ఇవిగో."

ఆమె చేటలోకి చూడలేదు. నా మొహం చూసింది. "నేనెట్లాగూ తినను, పళ్ళు లేవు. మీ బాబాయ్ నిన్న తిన్నాడు. ఏమైంది?"

"నిన్న మజ్జిగన్నంలోకి ఇంత తిన్నానే" అన్నాడు బాబాయ్. "రాయిలా ఉన్నా. కారం భలే కుదిరింది."

"దంచినప్పుడు అంతటా ఒక్కలా కలవదు బాబాయ్. ఒక ముద్దలో లేకపోతే ఇంకో ముద్దలో ఉంటుంది."

పిన్ని చిన్నగా నవ్వింది. ఎగతాళి కాదు, బుజ్జగింపు. "నువ్వు చదివినదాంట్లో అలా ఉంది టీచరమ్మా. నేను కళ్ళారా చూశాను, మీ అత్త మీ అమ్మతో మాట్లాడింది. గింజ తింటే చచ్చినోళ్ళు కనపడతారా? నువ్వే చెప్తావుగా, ఎవరి అభిప్రాయం వాళ్ళదని. నీది నీది. మాది మాది."

నా మాట నాకే తిరిగొచ్చింది, అదే వరసలో, అదే మర్యాదతో. నేను అప్పుడు లోపలికి వెళ్ళాల్సింది. వంటింట్లో ఆ గిన్నె ఎక్కడ ఉంటుందో నాకు తెలుసు, చిన్నప్పటినుంచీ తిరిగిన ఇల్లు. తీసుకుని దొడ్లో పారబోయాల్సింది. పిన్ని అరిచేది, వారం రోజులు మాట్లాడేది కాదు. కానీ పెద్దవాళ్ళ ఇంట్లోకి తోసుకుని వెళ్ళడం బాగుండదనుకున్నాను. అలిసిపోయి ఉన్నాను. గింజ తింటే చచ్చినోళ్ళు కనపడతారా అన్నమాట నన్నూ ఎక్కడో పట్టుకుంది, అదీ నిజమే. "తినొద్దు బాబాయ్, చెప్తున్నాను" అని, "సరే, మీ ఇష్టం" అని కూడా అని, ఆటో ఎక్కాను.

ఆసుపత్రిలో డాక్టరు గింజని చాకుతో కోసి చూసింది. తల ఊపింది. ఉమ్మెత్తే.

మర్నాడు మధ్యాహ్నం, అత్త మంచం పక్కన కూర్చుని ఉండగా ఫోను మోగింది. పిన్ని. ఆమె గొంతు ఎంత నెమ్మదిగా ఉందంటే, మొదట నాకేమీ అనిపించలేదు.

"టీచరమ్మా, మీ బాబాయ్ గోతాలు కుడుతున్నాడే" అంది. "అరుగుమీద కూర్చుని కుడుతున్నాడు. దబ్బనం లేదు, దారం లేదు. ఇంట్లో గోతాలే లేవు."

ఆ ఫోన్లోనే, వెనక, ఆయన గొంతు వినపడింది. హుషారుగా ఉంది. ఎవరినో మూతి బిగించి పట్టుకోమంటున్నాడు, తర్వాతి బస్తా ఎత్తమంటున్నాడు.

"ఆటో ఎక్కించు పిన్నీ, ఇప్పుడే, ఎవరినీ అడక్కు" అని అరిచాను. వార్డంతా నా వైపు తిరిగింది. అంత గొంతు నాకు ఉందని నాకే తెలీదు. ఒక రోజు ఆలస్యంగా వచ్చిన గొంతు. కానీ వాళ్ళింటి దగ్గర అప్పటికే జనం చేరారు. మా ఇంట్లోంచి గాలి వాళ్ళింటికి మారిందని అందరూ ఒప్పుకున్నారు. ఈసారి భేదాభిప్రాయాలు కూడా లేవు. అందరూ ఒక్కమాట మీద ఉన్నారు, ఆ ఒక్కమాటా తప్పు. ఆటో ఊరు దాటేసరికి గంటన్నర పట్టింది. ఆ విషం పెట్టిన పరుగు ఆయన గుండె తట్టుకోలేదు. ఆసుపత్రి గేటు దగ్గర దించేటప్పుడు ఆయన కుడిచెయ్యి బొటనవేలు, చూపుడువేలు ఇంకా దబ్బనం పట్టుకున్నట్టే ఉన్నాయి. వాటిని నేనే విడదీశాను.

మూడో రోజుకి అత్త కళ్ళు మామూలయ్యాయి. ఇడ్లీ తిన్నది. నేను ఉండబట్టలేక అడిగాను, అమ్మ ఏం చెప్పింది అత్తా అని. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "మీ అమ్మ పోయి ముప్పై ఏళ్ళయింది. ఏంటే ఆ మాట?" ఆవిడకి ఏమీ గుర్తులేదు. పీకిన పత్తి గుర్తులేదు, ఎడమచెయ్యి గుర్తులేదు. అమ్మ అక్కడికి రాలేదు. ఉన్నదల్లా ఆవిడ బుర్రలో దాచుకున్న అమ్మ, ఆ బుర్రని తలకిందులు చేసిన విషం. బాబాయ్‌కి గోతాలు కనపడ్డాయని ఆయన కోసం గోతాలు దయ్యాలై రాలేదు కదా. ఎవరి పని వాళ్ళ చేతుల్లోంచి బయటికి వచ్చింది, అంతే. అప్పుడు నేను చాలా ఏడ్చాను. బాబాయ్ కోసం సగం, అమ్మ మళ్ళీ పోయినందుకు సగం.

బోర్డుమీద ఆ వాక్యం నేను మళ్ళీ రాయలేదు. కూర ఉప్పగా ఉందనుకో, అది నీ ఇష్టం, నీ నాలుక. ఎవరికి ఓటెయ్యాలో నీ ఇష్టం. కానీ చేటలో ఏ గింజ ఉందన్నది ఎవరి ఇష్టమూ కాదు. చూడనివాడి మాట, చూసినవాడి మాట ఒకే కుర్చీలో కూర్చోబెట్టడం మర్యాద కాదు. అది బద్ధకం, పిరికితనం. నాకు రెండూ ఉన్నాయి గనక తెలుసు.

ఇది జరిగి మూడేళ్ళు. వీధిలో ఇప్పటికీ కొందరు ఉమ్మెత్త అంటారు, కొందరు గాలి అంటారు. "ఎవరికి తెలుసులే" అని ఇద్దరూ కలిసి టీ తాగుతారు. కాలవ గట్టుమీద ఉమ్మెత్త మాత్రం ఎవరూ పీకలేదు. నేనే ప్రతి చలికాలం పార పట్టుకెళ్ళి పీకుతాను, అది మళ్ళీ మొలుస్తుంది.

పిన్ని కూడా గాలే అంటుంది. అయినా కళ్ళాలు ఊడ్చే రోజుల్లో మధ్యాహ్నం పూట గేటు చప్పుడవుతుంది. చేట నిండా గింజలతో వస్తుంది. నా ముందు పెట్టి కూర్చుంటుంది. నేను భూతద్దం తీసి, గుప్పెడు గుప్పెడు తెల్లకాగితం మీద పోసి చూస్తాను. ఆమె నా వేళ్ళనే చూస్తూ ఉంటుంది.

ఈ ఏడు ఒకటి దొరికింది. చెవి ఆకారంలో, గోధుమరంగు. దాన్ని పక్కన పెట్టాను. పిన్ని దానిమీదికి వంగి చూసింది.

"ఇదేనా?" అంది.

"ఇదే పిన్నీ."

కొంగుతో మొహం తుడుచుకుంది. మళ్ళీ గాలి మాట ఎత్తుతుందేమో అనుకున్నాను. ఎత్తలేదు.

"నాకైతే తెలీదు" అంది. "నీకు తెలుసు కదే. తెలిసి కూడా మా ఇష్టం అన్నావేం? లోపలికొచ్చి గిన్నె లాక్కుపోవాల్సింది."

నేను ఇంకో గుప్పెడు గింజలు తీసి కాగితం మీద పోశాను.